ఏడున్నర వేల గుమ్మడికాయ

"ఉండి ఇవ్వట్లేదా అంకుల్, లేకపోతే ఇవ్వలేకపోతున్నారా? రెండిట్లో ఏదో ఒకటి సెప్పండి. ఇందులో ఎక్కించుకోవాలి."

వాసు ఈ ప్రశ్నని నిష్ఠూరంగా అడగలేదు. గ్రూపు అప్పులిచ్చే కంపెనీలో వసూళ్ళు చూసే మనిషి. అతని చేతిలోని ట్యాబులో, కిస్తీ తగ్గినప్పుడు నొక్కడానికి నిజంగానే రెండు గడులున్నాయి. కట్టే ఉద్దేశం లేదు అని ఒకటి, కట్టే స్తోమత లేదు అని ఇంకొకటి. ఏదో ఒకటి నొక్కితేగాని తర్వాతి పేరు రాదు. పెదబొడ్డేపల్లిలో సోమలమ్మ ఇంటి అరుగు మీద తొమ్మిదిమంది ఆడవాళ్ళు పాసుపుస్తకాలు పట్టుకుని తమ పేరు కోసం చూస్తున్నారు. నవంబరు ఎండ మెట్లెక్కి అరుగు దాకా వచ్చేసింది.

జోసఫ్ రాజు చేతిలో ఏడు వందలున్నాయి. కట్టాల్సింది పదకొండు వందల యాభై. అప్పు భార్య ధనమ్మ పేరు మీదుంది. ఆవిడ జీడిపప్పు షెడ్డుకి పొట్టు తీసే పనికి పోయింది కాబట్టి ఈ మంగళవారం అతను రావాల్సి వచ్చింది. నలభై ఏడేళ్ళ మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను.

"ఉంది బాబూ," అన్నాడు. "బ్యాంకులో చిన్న తిరకాసు పడింది. ఎల్లుండికి తెచ్చిచ్చేస్తాను."

బ్యాంకులో ఉన్నది రెండు వందల పద్నాలుగు రూపాయలు.

"అయితే ఉద్దేశం లేదు అని కొడతన్నాను, ఏటనుకోకండి," అన్నాడు వాసు.

జోసఫ్ రాజు తలూపాడు. గుండె కాస్త కుదుటపడింది కూడా.

దీనికి నవ్వేవాళ్ళు అప్పుల్లో బతికి ఎరగనివాళ్ళు. ఉండి ఇవ్వనివాడితో జనం దెబ్బలాడతారు, తిడతారు, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్తారు. లేనివాడని తెలిసిందా, అందరూ ఒకే రోజున వస్తారు. ఈ లెక్క జోసఫ్ రాజుకి ఎవరూ నేర్పలేదు. ఏడాదిన్నరలో తనంతట తనే నేర్చుకున్నాడు. ఆ తర్వాత జరిగిందంతా ఈ లెక్కని అతను మరీ గట్టిగా నమ్మడం వల్లే జరిగింది.

ఇరవై ఒక్కేళ్ళు ఒక చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా గుమస్తాగా పనిచేశాడు. చెరకు బళ్ళు, ట్రాక్టర్లు, లారీలు కాటా మీదికి ఎక్కుతాయి. కిటికీలోంచి చూసి, తూకం రాసి, చీటీ ఇస్తాడు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులందరికీ అతను 'కాటా రాజు గారు'. బండిని చూసి బరువు చెప్పేవాడని పేరు. యాభై కిలోలు అటూ ఇటూ. జీతం పదిహేడు వేలు. అది ఒకటో తారీకున రావడం మానేసి పదిన వచ్చింది, తర్వాత రెండు నెలలకోసారి వచ్చింది, తర్వాత రాలేదు. ఒక సీజన్ గానుగ ఆడలేదు. రెండో సీజన్‌లో గేటుకి తాళం పడింది. ఎవరినీ తీసేసినట్టు కాగితం ఇవ్వలేదు. ఉద్యోగం పోయిందని చెప్పుకోవడానికి కూడా ఒక తారీకంటూ లేదు.

అప్పు మితిమీరిన ఖర్చుల వల్ల వస్తుందని ఉపన్యసించేవాళ్ళకి ఈ ఇంటి పద్దు చూపించాలి. జీతం ఆలస్యమైన మొదటి నెల ధనమ్మ గాజులు బ్యాంకులో పెట్టారు. దాని వడ్డీకి గ్రూపు లోను. గ్రూపు కిస్తీలకి చీటీ పాడుకున్నారు. చీటీ వాయిదాలకి, కూతురి చదువుకి కలిపి దేవవరం మాస్టారి దగ్గర లక్ష రూపాయలకి నోటు రాశారు, రెండు రూపాయల వడ్డీ. ఇందులో ఒక్క చీర లేదు, ఒక్క విందు లేదు. ఒక గోతిలోంచి మట్టి తీసి ఇంకో గోతిలో పోయడమే రెండేళ్ళుగా ఆ ఇంట్లో జరిగిన పని.

కూతురు సుజిత నర్సింగు పూర్తిచేసింది. మంచి మార్కులు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉద్యోగం ఇస్తానంది, నెలకి పదహారు వేలు. డిసెంబరు ఒకటో తారీకున ఒరిజినల్ సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి. ఆ సర్టిఫికెట్లు కాలేజీ వాళ్ళ బీరువాలో ఉన్నాయి. చివరి ఏడాది ఫీజులో నలభై ఆరు వేలు కడితేగాని బీరువా తెరవరు. ఒకటో తారీకు దాటితే లిస్టులో తర్వాతి పిల్లని పిలుస్తారు. ఇంట్లో నెల తిరిగేసరికి వచ్చే జీతమంటూ ఒకటి ఉండాలంటే ఆ బీరువా తెరుచుకోవాలి. వేరే దారి కనిపించలేదు.

"నేను సూసుకుంటాను," అన్నాడు జోసఫ్ రాజు. సుజిత ఏదో అనబోయి ఊరుకుంది. ఆ మాట అన్నాక నాన్న ఎవరి మాటా వినడని ఆ పిల్లకి తెలుసు.

అతను చూసుకుంటానన్నది దేవవరం మాస్టారిని. మిషన్ బడిలో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, చర్చి సంఘంలో పెద్ద. అప్పులిస్తారు; అది వ్యాపారమని ఎవరూ అనరు, సాయమంటారు. సాయానికి నోటుంటుంది, స్టాంపుంటుంది, వడ్డీ ఉంటుంది. ఇంకో యాభై వేలు అడిగితే మాస్టారు గడ్డం నిమురుకుని, "ఆదివారం కోత పండుగ కదా. అది కానీ. సోమవారం పొద్దున్న రా, చూద్దాం," అన్నారు.

కోత పండుగ అంటే ఏమిటో తెలియాలి. పంట చేతికొచ్చే వేళకి సంఘంలో ప్రతివాళ్ళూ తమకి పండినదేదో చర్చికి తెస్తారు. వరి కంకులు, జీడిపప్పు, అరటి గెల, నాటుకోడి, పొలం లేనివాళ్ళయితే కేకో, డజను గుడ్లో. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలోనే వాటిని వేలం వేస్తారు. యాభై రూపాయల సొరకాయ ఐదొందలకి పోతుంది, అదంతా చర్చికే. డబ్బు అప్పటికప్పుడు ఇవ్వక్కర్లేదు. క్రిస్మస్ ముందు ఆదివారంలోపల కట్టాలి. కాబట్టి జేబులో ఉన్నదాన్ని బట్టి కాకుండా, జేబులో ఉందని ఎవరెవరు అనుకోవాలో దాన్ని బట్టి పాడతారు. ఉద్యోగస్తులు పాడితీరాలి. పాడనివాడి సంగతి ఏటో అని ఇంటికెళ్ళే దారిలోనే ఆరా మొదలవుతుంది.

మాస్టారు సోమవారం అనడంలో ఉన్న అంతరార్థం ఇదేనని జోసఫ్ రాజుకి అనుమానం లేదు. ఆదివారం తనని చూస్తారు. తిరిగి ఇవ్వగలిగినవాడో కాదో తేల్చుకుంటారు.

"ఐదొందలు," అంది ధనమ్మ శనివారం. మేనమామ కూతురు, చిన్నప్పటినుంచి అతన్ని ఎరిగిన మనిషి. "ఐదొందల కాడ ఆగిపో బావా. ఒక కొబ్బరికాయ పాడు, నేకపోతే ఒక కోడి పాడు. కోడైతే కనీసం తింటాం."

"సరేలేయే."

"సరే కాదు. ఐదొందలు దాటేవంటే అందరి ముందు లేసెళ్ళిపోతాను."

ఆదివారం పాట నడిపినవాడు సైమన్. కృష్ణదేవిపేట రూటులో షేర్ ఆటో నడుపుతాడు. సంఘంలో అంత గొంతు ఇంకెవరికీ లేదు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. కోళ్ళు పోయాయి, కొబ్బరికాయలు పోయాయి. జోసఫ్ రాజు రెండుసార్లు నోరు తెరిచి, ఎవరో ముందుకెళ్తే ఊరుకున్నాడు. ముందు వరస కుర్చీలో దేవవరం మాస్టారు ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. చూపు అతని మీద పడిందో, అతని వెనకున్న గోడ మీద పడిందో చెప్పలేం. జోసఫ్ రాజు మాత్రం తన మీదే అనుకున్నాడు.

సైమన్ రెండు చేతులా ఒక గుమ్మడికాయ ఎత్తి బల్ల మీద పెట్టాడు.

"అయ్యలారా, అమ్మలారా, ఇది రావికమతం నుంచి నా ఆటోలో సీటు మీద కూసోని వచ్చింది. సార్జీ కూడా ఇవ్వనేదు. ఆ సార్జీ మీరే ఇచ్చుకోవాలి. ఎంత?"

"వంద!"

"వందా? ఎవులా వంద? వందకి దీని తొడిమ కూడా రాదు!"

నవ్వులు. జోసఫ్ రాజు కాయని చూశాడు. పదకొండు కిలోల ఎనిమిది వందల గ్రాములు, అనుకున్నాడు. అలవాటు.

"మూడొందలు," అన్నాడు.

"అద్గదీ! కాటా రాజు గారు తూకం సూసి పాడతన్నారండోయ్. ఇంక తిరుగునేదు. మూడొందలు ఒకటోసారి..."

"వెయ్యి," అన్నారు మాస్టారు, వేలు పైకెత్తి.

మాస్టారు ఏటేటా పాట పెంచుతారు, ఎప్పుడూ కొనరు. ఎదుటివాడు ఇంక పాడడని తెలిసే క్షణానికి ఒక్క మాట ముందు ఆగిపోతారు. చర్చికి ఆదాయం పెంచడానికే చేస్తారని అందరూ అంటారు, అది నిజం కూడా. ఈ సంగతి ఆ ఆవరణలో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. జోసఫ్ రాజుకీ తెలుసు. కాని రేపు యాభై వేలు అడగబోయేవాడు ఇవాళ ఆయన ముందే వెయ్యికి వెనక్కి తగ్గితే ఏమవుతుంది? వెయ్యి లేనివాడికి యాభై వేలు ఎవరిస్తారు?

"పన్నెండొందలు."

"రెండు వేలు."

"రెండున్నర."

రెండు వేల దగ్గర ధనమ్మ ఆడవాళ్ళ వరసలోంచి తలెత్తి చూసింది. మూడున్నర దగ్గర పక్కావిడ మోచేత్తో పొడిచింది. నాలుగు దాటాక ధనమ్మ చీర కొంగు ముఖం మీదికి లాక్కుంది. లేచి వెళ్ళిపోలేదు. వెళ్ళిపోతే అసలు సంగతి అందరికీ తెలిసిపోతుంది. ఆ లెక్క ఆవిడకీ వచ్చు.

జోసఫ్ రాజు వీపు మీద చొక్కా తడిసి అంటుకుపోయింది. ఒక్కో అంకె నోట్లోంచి రాకముందే ఇదే ఆఖరిది అనుకుంటున్నాడు. వచ్చాక, ఇంత దాకా వచ్చి ఆగితే ఇంతకుముందు ఆగడం కన్నా హీనం అనుకుంటున్నాడు.

"ఏడు వేల నాలుగొందలు," అన్నారు మాస్టారు.

"ఏడు వేల ఐదొందలు."

మాస్టారు నవ్వి, చేతులు జోడించారు. "నాకు చాలు. అతనికే కానివ్వండి."

"ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! కాటా రాజు గారిది!"

చప్పట్లు. చర్చి పాస్టరు అయ్యగారు లేచి, ఈ కుటుంబానికి ఏ కొదువా రాకూడదని ప్రార్థించారు. కొదువ అప్పటికి రెండేళ్ళుగా ఆ ఇంట్లో కాపురముంటోంది. అయినా అందరూ ఆమెన్ అన్నారు.

ఆటోలో కాయ ధనమ్మ ఒళ్ళోనే ఉంది. గుమ్మం దాటాక అడిగింది.

"దీన్ని ఏ బీరువాలో పెట్టి తాళం ఎయ్యమంటావు బావా?"

"నీకు తెల్దే. మాస్టారు సూసేడు కదా. రేపింక అడ్డు సెప్పడు."

"ఆయన సూసేడు. ఆడోళ్ళందరూ సూసేరు. సూడనోళ్ళెవరైనా మిగిలుంటే రేపు పొద్దున్న సైమన్ తన ఆటోలో సెప్తాడు."

సుజిత గదిలోంచి బయటికి రాలేదు.

సోమవారం ఎనిమిదింటికల్లా మాస్టారి ఇంటి ముందున్నాడు. మాస్టారు సాదరంగా కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించారు. ఆ కాఫీ సగం తాగేదాకా అంతా బాగానే ఉంది.

"నిన్న చాలా సంతోషమేసిందయ్యా," అన్నారు. "నీ పరిస్థితి ఏమీ బాగోలేదని ఎవరెవరో అన్నారు నాతో. నీకోసం యాభై వేలు పక్కన పెట్టాను కూడా. నిన్న నీ పాట చూశాక మనసు తేలికైపోయింది."

"ఎంతమాటండి. మరి ఆ యాభై..."

"అదే చెబుతున్నాను. నీకు అక్కర్లేదని తెలిసిపోయింది కదా. మన సత్యవేణి మొగుడికి ఆపరేషనట. రాత్రే ఆవిడకిచ్చేశాను."

జోసఫ్ రాజు కప్పు కింద పెట్టాడు. గాజు బల్ల మీద అది టక్కుమంది.

"మాస్టారూ, పిల్ల సర్టిఫికెట్లండి. ఒకటో తారీకుకి..."

"నీకేమయ్యా! గుమ్మడికాయకి ఏడున్నర వేలు పెట్టినవాడివి. అన్నట్టు, నోటు మీద ఆరు నెలల వడ్డీ పన్నెండు వేలు నిలిచిపోయింది. నువ్వు ఇబ్బందుల్లో ఉన్నావనుకుని ఇన్నాళ్ళూ అడగలేదు. ఈ నెలాఖరుకి సర్దేయ్."

ఆయన ముఖంలో వెతికాడు, ఇది కావాలని చేసిందేమోనని. అక్కడ ఏమీ దొరకలేదు. నిజంగానే సంతోషంగా ఉన్న ముసలాయన ముఖం అది. అది మరీ ఘోరంగా అనిపించింది.

తిరిగి వస్తుంటే చీటీలామె కొట్టులోంచి కేకేసింది. "అన్నయ్యా, ఏటి, పాట అదరగొట్టేవంట! మరి నా రెండు వాయిదాలో?" మధ్యాహ్నం కిరాణా కొట్టు నుంచి ఫోను. సాయంత్రం, ఎప్పుడో పన్నెండొందలు బదులిచ్చి మర్చిపోయినట్టున్న పాత సహోద్యోగి ఒకడు ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఉందని నమ్మించగలిగితే అందరూ ఓపిక పడతారని అతని లెక్క. నమ్మారు. నమ్మినందుకే వచ్చారు. ఓపిక పట్టింది ఇన్నాళ్ళూ అతని దగ్గర లేదని లోలోపల అనుమానం ఉండబట్టి.

ఒకటో తారీకుకి ఏడు రోజులుంది.

మంగళవారం మళ్ళీ సోమలమ్మ అరుగు, రెండు వారాల కిస్తీ. ఈసారి ధనమ్మ పని మానుకుని వచ్చింది, అతనూ వచ్చాడు. ఇద్దరి దగ్గరా కలిపి రెండు వందల యాభై. పోయినసారి తగ్గిన సొమ్ము ఎక్కడో బదులు తెచ్చి కట్టేశారు. ఇప్పుడు బదులిచ్చే చోటు కూడా లేదు.

సోమలమ్మ ఇడ్లీ బండి నడుపుతుంది, గ్రూపుకి లీడరు. అతన్ని చూడగానే గరిటె పక్కన పెట్టింది.

"ఓలప్పా! గుమ్మడికాయకి ఏడున్నర ఏలంట, కిస్తీకి పదకొండొందల యాభై నేవంట! ఎవుల సెవిలో పువ్వులెడతన్నావు తమ్ముడా?"

"అక్కా, ఆయన్ననకు..." అంది ధనమ్మ.

"ఎందుకనకూడదే? మీరు కట్టకపోతే కట్టాల్సింది మేం తొమ్మిదిమందిమి. నాను పొద్దున్న నాలుగింటికి లేసి పప్పు రుబ్బేది మీ సర్చిలో గుమ్మడికాయలకా?"

"అంకుల్," అన్నాడు వాసు, ట్యాబు మీద వేలు పెట్టి. "ఈసారి ఏది కొట్టమంటారు?"

జోసఫ్ రాజు ధనమ్మ వైపు చూశాడు. ఆవిడ ఏమీ సాయం చెయ్యలేదు. పొట్టు తీసీ తీసీ పగిలిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని, అతను ఏమంటాడో అని చూస్తోంది.

"నేదు బాబూ," అన్నాడు. రాసే భాష వదిలేసి తల్లి మాట్లాడిన భాషలోకి జారిపోయాడు. "కట్టలేను. పోయినసారీ నేదు. అంతకుముందు కూడా నేదు. ఉందని అబద్ధమాడేను. ఆ కాయ డబ్బులు కూడా నా కాడ నేవు."

వాసు రెండో గడి నొక్కాడు. ట్యాబు చిన్నగా శబ్దం చేసింది. అంతే, ఆకాశం ఊడి పడలేదు.

ఆడవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. పావుగంట తిట్టారు. మాకు లేవా కష్టాలు అంది ఒకామె. నా మొగుడు కూడా ఖాళీగానే ఉన్నాడు, ఆడు గుమ్మడికాయలు కొంతన్నాడా అంది ఇంకొకామె. పేదవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కడుపులో పెట్టుకుంటారని రాసేవాళ్ళని ఆ పావుగంట ఆ అరుగు మీద కూర్చోబెట్టాలి. కాని కంపెనీ నియమం ఒకటుంది: పదిమంది కిస్తీలూ పూర్తి కాకపోతే ఎవరికీ తర్వాతి లోను రాదు. తగ్గింది తొమ్మిది వందలు. ఉన్నది తొమ్మిది మంది. తలకి వంద. లెక్క చెయ్యడానికి ట్యాబు అక్కర్లేదు.

"వంద ఊరికే ఇవ్వను," అంది సోమలమ్మ. "ఆ కాయ తే."

జోసఫ్ రాజు ఇంటికెళ్ళి భుజం మీద మోసుకొచ్చాడు. సోమలమ్మ కత్తిపీట ముందేసుకుని పది ముక్కలు చేసింది, పదోది ధనమ్మకి.

"ముక్క ఏడొందల యాభై రూపాయలే అమ్మా," అంది, ఇందాక 'మాకు లేవా కష్టాలు' అన్నావిడ, కొంగులో వేసుకుంటూ. "ఇంత ఖరీదు పులుసు మా వంశంలో ఎవులూ తిననేదు."

ఎవరో ఫక్కుమన్నారు. ధనమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. వాసు డబ్బులు లెక్కపెట్టుకుని, "మళ్ళీ తొమ్మిదో తారీకున," అని హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి సుజిత గుమ్మంలో ఉంది. రెండిళ్ళవతల అరుగు, అంతా విన్నట్టుంది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"నాన్నా, దీని మీద నీ సంతకం కావాలి."

ఆసుపత్రి వాళ్ళ కాగితం. ఫీజు బాకీని ఆసుపత్రే కాలేజీకి కడుతుంది. సర్టిఫికెట్లు రెండేళ్ళు వాళ్ళ దగ్గర ఉంచుకుంటుంది. జీతంలో నెలకి రెండు వేలు కోసుకుంటుంది. రెండేళ్ళలోపల మానేస్తే లక్షన్నర కట్టాలి. ఇవన్నీ పైన చిన్న అక్షరాల్లో ఉన్నాయి. కింద తండ్రి సంతకం పెట్టే చోట, కాస్త పెద్ద అక్షరాల్లో: నా కుమార్తె ఫీజు చెల్లించే ఆర్థిక స్తోమత నాకు లేదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను. దాని కింద ఇద్దరు సాక్షులకి గీతలు.

మూడుసార్లు చదివాడు.

"ఇదెప్పుడిచ్చేరు?"

"పదో తారీకున."

"పదిహేను రోజులై ఉందా? మరి సెప్పవేటి?"

"నువ్వు సూసుకుంటానన్నావు కదా," అంది సుజిత. "ఇది సూపిస్తే సించేస్తావనుకున్నాను."

చింపేసేవాడే. పదిహేను రోజుల కిందటైతే ముమ్మాటికీ చింపేసేవాడు, ఆ లైను దాకా చదవగానే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు కాబట్టి ఎవరూ అనలేదు. జేబులో పెన్ను తీసి సంతకం పెట్టాడు. కాటా చీటీల మీద లక్షసార్లు పెట్టిన సంతకం, పొల్లు పోలేదు.

సాక్షిగా సోమలమ్మ కూడబలుక్కుంటూ పేరు రాసింది. రెండో సాక్షి కోసం మర్నాడు పొద్దున్న ఆటో స్టాండుకి వెళ్ళాడు. సైమన్ కాగితం చదివి, తల గోక్కున్నాడు.

"ఇదేటి సోద్యమండీ? ఆదివారం మీ సేత ఏడున్నర వేలకి పాట పాడించింది నేనే. బుధవారం మీకు స్తోమత నేదని సాక్షి సంతకం పెట్టేదీ నేనేనా?"

"పెట్టు బాబూ. బేగి పెట్టు, బస్సుకి టైమైపోతంది."

"పెడతాను గానీ, కోర్టు వోళ్ళెవరైనా అడిగితే ఏ జోసఫ్ రాజు నిజమో సెప్పండి."

"ఇది."

సైమన్ నవ్వు ఆపి సంతకం పెట్టాడు. సంఘంలో ఎవరికీ చెప్పనన్నాడు. శుక్రవారానికల్లా అందరికీ తెలిసిపోయింది.

ఒకటో తారీకున సుజిత ఉద్యోగంలో చేరింది. సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలోంచి ఆసుపత్రి బీరువాలోకి మారాయి. ఆ పిల్ల చేతికైతే రాలేదు. దీన్ని విజయమంటే అతిశయోక్తి. నెలకి పద్నాలుగు వేలు వస్తుందని మాత్రం అనవచ్చు. అందులో హాస్టలుకి, తిండికి పోగా ఆరు వేలు ఇంటికి పంపుతుంది.

నిజం చెప్పిన మనిషికి లోకం తలుపులు తెరుస్తుందని ఎవరైనా అంటే, జనవరిలో ధనమ్మ గాజులు బ్యాంకు వేలంలో పోయిన సంగతి వాళ్ళకి చెప్పాలి. క్రిస్మస్ ముందు ఆదివారం బాకీదారుల పేర్లు చదివితే జోసఫ్ రాజు లేచి నిలబడి, వెయ్యి ఇప్పుడిస్తాను, మిగతాది ఎప్పుడో తెలీదు అన్నాడు. అలా అన్నవాళ్ళు ఆ సంఘంలో ఇంతకుముందు లేరు. అయ్యగారు ఏ వాక్యం చెప్పాలో తోచక తర్వాతి పేరు చదివేశారు. మాకవరపాలెం రోడ్డులో ప్రైవేటు కాటా ఉంది. దాని యజమాని గోవింద్ ఆర్నెల్ల నుంచి రమ్మంటున్నాడు, ఎనిమిదిన్నర వేలకి. ఇరవై ఒక్కేళ్ళు ఫ్యాక్టరీ కాటా చూసినవాడు జామాయిల్ కర్ర తూస్తూ పాత రైతుల కంట పడటమా అని ఇన్నాళ్ళూ దాటేశాడు. ఇప్పుడు వెళ్తున్నాడు. పాత రైతులు కంటపడుతున్నారు. నమస్కారం పెట్టి, తూకం చూసుకుని పోతున్నారు.

దేవవరం మాస్టారు అక్కడికే వచ్చారు, ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం. లారీ కాటా మీద నిలబడి ఉంది. మాస్టారు కిటికీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడారు.

"స్తోమత లేదని రాసిచ్చావట. నాకు తెలియకుండా."

"అవునండి."

"మరి నా నోటు మాటేమిటి? లేనివాడి నోటు పెట్టుకుని నేనేం చేసుకోను? ఇంటి కాగితాలు తెచ్చి నా దగ్గర పెట్టు జోసఫూ. నీ మంచికే చెబుతున్నాను."

డ్రైవరు హారన్ కొట్టాడు. జోసఫ్ రాజు బల్ల అంచు పట్టుకున్నాడు. ఒకప్పుడైతే తప్పకుండా మాస్టారూ, వచ్చేవారం తెస్తాను అనేవాడు. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది కూడా.

"తేనండి," అన్నాడు. "ఇల్లు ధనమ్మ పేరు మీదుంది. అదొక్కటే ఉంది. అది ఇవ్వను."

"కోర్టుకి వెళ్ళమంటావా?"

"ఎల్లండి మాస్టారూ. నోటు మీద సంతకం నాదే, కాదనను. జడ్జీ గారడిగినా ఇదే సెప్తాను. నెలకి వెయ్యి ఇవ్వగలను, వచ్చే నెల్నుంచి. అంతకన్నా ఇస్తానంటే అబద్ధం."

వడ్డీయే నెలకి రెండు వేలు కదయ్యా, వెయ్యి ఏ మూలకి అన్నారు మాస్టారు. ఏ మూలకీ రాదండి అన్నాడు జోసఫ్ రాజు. మళ్ళీ హారన్. అతను తూకం చూసి, చీటీ రాసి, కిటికీలోంచి డ్రైవరుకి అందించాడు. తలెత్తేసరికి మాస్టారు రోడ్డు దాటుతున్నారు. కోర్టుకి వెళ్తారో లేదో ఆయన చెప్పలేదు. ఇప్పటిదాకా నోటీసు రాలేదు.

ఫిబ్రవరి నెలాఖరుకి ఆ నోటు మీద అసలు లక్ష రూపాయలు, వడ్డీ పద్దెనిమిది వేలు బాకీ ఉంది.